కల్లు, సూది, కాన్పు: నొప్పుల వేళ తల్లి ఒంట్లో ఉన్న మత్తు బిడ్డను ఏం చేస్తుంది?

పాలమూరు వైపు ఏ కాన్పుల వార్డుకు పోయినా కేసు షీటు రాసేటప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎన్నో కాన్పు, నెలలు నిండాయా, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయిందా, బీపీ ఉందా, షుగర్ ఉందా. చివర్లో "మందులేమన్నా వాడుతున్నవా?" అని ఒక ప్రశ్న. పక్కన నిలబడ్డ అత్తమ్మే జవాబు చెప్తుంది: "ఏం లేవు మేడం, ఐరన్ గోలీలే." షీటులో "నిల్" అని పడుతుంది. అదే నర్సు ఇంకొంచెం ఓపిక చేసుకుని "కల్లు తాగుతవా అమ్మా? ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?" అని అడిగితే వచ్చే జవాబు వేరు. "దినాం ఒక సీసా తాగుతది. నిన్న రాత్రి నొప్పులు తెల్వకుండ ఉంటదని రెండు తాగిచ్చిన." ఆ రెండు సీసాల్లో ఏముందో తాగినామెకు తెలియదు, తాగించినామెకు తెలియదు. అమ్మినవాడికి కూడా మోతాదు లెక్క ఉండదు. బిడ్డ పుట్టగానే ఊపిరి ఎట్లా తీస్తుందన్నది మాత్రం కొంత ఆ సీసాల మీద ఆధారపడుతుంది.

గర్భిణులు, డ్రగ్స్ అనే మాటలు పక్కపక్కన వినబడితే మనవాళ్లు కొకైన్, హెరాయిన్ అనుకుని ఇది మన ఊరి సంగతి కాదని వదిలేస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు అసలు సంగతి అది కాదు. ఇక్కడ కాన్పు గదిదాకా వచ్చే మత్తు ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కల్లు సీసా, రెండోది ఊళ్లో వేసే సూది. రెంటినీ ఎవరూ డ్రగ్ అనుకోరు కాబట్టి ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

కల్తీ కల్లు కథ పాతదే. ఈత చెట్లు, తాటి చెట్లు తగ్గాయి, దుకాణాలు తగ్గలేదు. చెట్టు కల్లు చాలని చోట నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం పొడులు కలుపుతారు. దుకాణాల భాషలో మొదటిది సీహెచ్, రెండోది డైజోఫాం. మూడూ మెదడును నెమ్మదింపజేసేవే. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా పడ్డప్పుడు మహబూబ్‌నగర్, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఆస్పత్రులకు బారులు కట్టారు. చేతుల వణుకు, పొంతన లేని మాటలు, ఫిట్స్. తాగి పడిపోయినవాళ్లు కాదు, తాగడానికి దొరక్క పడిపోయినవాళ్లు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవాళ్లు దాదాపు 7 శాతం, దేశం మొత్తం మీద 1.3 శాతం. కల్లును తాగుడు కింద లెక్కేసుకోనివాళ్లు ఆ సర్వేలో ఏం జవాబు చెప్పి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇందులో గీత కార్మికులను తిట్టాల్సింది లేదు. చెట్టెక్కి దించేవాళ్లు వేరు, పొడి కలిపేవాళ్లు వేరు. అయితే ఒక మాట. స్వచ్ఛమైన చెట్టు కల్లు కూడా పులిస్తే మద్యమే, పులియని నీరా వేరు. "కల్లు చలువ చేస్తది, కడుపుతో ఉన్నోళ్లకు మంచిది, బాలింతకు పాలు పడతాయి" అనే మాటలకు వైద్యంలో ఆధారం లేదు. గర్భంలో ఇంతవరకు మద్యం తాగితే ఫరవాలేదని చెప్పగలిగే గీత ఏదీ వైద్యుల దగ్గర లేదు.

నెలలు వేరు, గంటలు వేరు

గర్భంలో మత్తు పదార్థాల ప్రభావం అంటే అన్నీ ఒకే గంపలో వేసి మాట్లాడటం మామూలు. దాంతో సంగతి ఇంకా చిక్కుపడుతుంది. మొదటి మూడు నెలల్లో అవయవాలు ఏర్పడతాయి కాబట్టి అప్పటి నష్టం ఆకారానిది. తర్వాతి నెలల్లో నష్టం పెరుగుదలది, మెదడుది. ఆఖరి వారాల్లో బిడ్డ ఒళ్లు ఆ మందుకు అలవాటు పడుతుంది. నొప్పులు మొదలైన తర్వాత గంటల్లో నష్టం వేరే రకం. అప్పుడు బిడ్డకు అంగవైకల్యం రాదు. పుట్టగానే చేయాల్సిన మొదటి పని, అంటే ఊపిరి తీసుకోవడం, చేయలేకపోతుంది. అందుకే కాన్పు గదిలో "తాగుతావా" అన్న ప్రశ్న కన్నా "ఆఖరుసారి ఎప్పుడు, ఎంత" అన్న ప్రశ్నకు విలువెక్కువ.

తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే మాయ ఏమీ గోడ కాదు, జల్లెడ. అందులోంచి ఏది దాటుతుందన్నది ఆ పదార్థం మంచిదా చెడ్డదా అన్నదాన్ని బట్టి ఉండదు. అణువు ఎంత చిన్నది, కొవ్వులో ఎంత కరుగుతుంది అన్నవే లెక్క. 500 డాల్టన్లకు (అణువుల బరువు కొలత) లోపు బరువున్న అణువులు సులువుగా దాటతాయి. డయాజెపామ్ 285, అల్ప్రాజోలం 309, క్లోరల్ హైడ్రేట్ 165, మద్యం 46. అన్నీ నిమిషాల్లో బిడ్డ రక్తంలోకి వెళ్లిపోయేవే. ఇన్సులిన్, హెపారిన్ లాంటి పెద్ద అణువులు దాటవు. మెదడు మీద పనిచేసే మందులు చాలావరకు కొవ్వులో కరిగేవే, లేకపోతే మెదడులోకి వెళ్లడం కష్టం. కాబట్టి తల్లికి మత్తెక్కించేది ఏదైనా బిడ్డకూ చేరుతుందని అనుకోవడమే సరైనది. డయాజెపామ్ అయితే బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలో కన్నా ఎక్కువ పాళ్లలో కూడా కనబడుతుంది.

నొప్పుల వేళ ఇంకో చిక్కు ఉంది. కాన్పు చాలాసేపు సాగి బిడ్డకు ఆక్సిజన్ తగ్గితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. నొప్పి తగ్గించే పెథిడిన్ లాంటి క్షార స్వభావం ఉన్న మందులు ఆ ఆమ్లపు రక్తంలోకి వచ్చి అక్కడే చిక్కుకుంటాయి, తిరిగి తల్లి వైపు పోలేవు. అంటే ఏ బిడ్డకు ఊపిరి కష్టమయ్యే అవకాశం ముందే ఎక్కువగా ఉందో ఆ బిడ్డలోనే మందు ఎక్కువ పోగవుతుంది.

కడుపులో ఉన్నంతసేపు బిడ్డకు ఒక సౌకర్యం ఉంటుంది. తనలోకి వచ్చిన మందును తిరిగి తల్లికి పంపించేస్తే తల్లి కాలేయం దాన్ని విరగ్గొడుతుంది. బొడ్డుతాడు కోయగానే ఆ సౌకర్యం పోతుంది. ఒంట్లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దాన్ని ఖాళీ చేసే పని మాత్రం అప్పుడే పుట్టిన కాలేయం మీద పడుతుంది. మందును విరగ్గొట్టే ఎంజైములు పూర్తిగా పనిలోకి రావడానికి వారాలు, నెలలు పడుతుంది. పెథిడిన్ పెద్దవాళ్లలో మూడు నాలుగు గంటల్లో సగానికి తగ్గుతుంది. పుట్టిన బిడ్డలో అదే పనికి దాదాపు రోజు పట్టొచ్చు. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కాన్పుకు ముందు 15 గంటల్లో తల్లికి 30 మిల్లీగ్రాములకు మించి డయాజెపామ్ ఇస్తే పిల్లలు ఊపిరి ఆపి ఆపి తీసుకోవడం, ఒళ్లు వదులైపోవడం, పాలు తాగడానికి ఇష్టపడకపోవడం, చలికి ఒంటి వేడిని నిలబెట్టుకోలేకపోవడం గమనించారు. ఆ మందు పనిచేసే మోతాదులో కనీసం ఎనిమిది రోజులు ఒంట్లో ఉంది. అది ఆస్పత్రిలో, కొలిచి ఇచ్చిన మందు. సీసాలో కలిపిన పొడికి కొలత లేదు. పొద్దటి సీసాకూ సాయంత్రం సీసాకూ పోలిక ఉండదు, ఈ దుకాణానికీ ఆ దుకాణానికీ పోలిక ఉండదు.

వదులు బిడ్డ

మత్తు మందుతో పుట్టిన బిడ్డ ఎట్లా ఉంటుందంటే, ఏడవదు. లేదా సన్నగా ఒక్కసారి ఏడ్చి ఊరుకుంటుంది. మామూలు బిడ్డ కాళ్లు చేతులు ముడుచుకుని ఉంటుంది, సాగదీస్తే మళ్లీ ముడుచుకుంటుంది. ఈ బిడ్డ చేతులు పక్కకు వాలిపోయి కప్ప పడుకున్నట్టు పరుచుకుని ఉంటాయి. పొట్ట కింద చెయ్యి పెట్టి బోర్లా ఎత్తితే తల, కాళ్లు కిందికి వేలాడతాయి. రొమ్ము నోట్లో పెడితే పెదాలు కదులుతాయి గాని చప్పరింపులో బలం ఉండదు. ఒళ్లు చల్లబడుతుంది. ఇదే రూపం ఆక్సిజన్ అందక ఉక్కిరిబిక్కిరైన బిడ్డకూ ఉంటుంది, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న బిడ్డకూ ఉంటుంది, చక్కెర తగ్గిన బిడ్డకూ ఉంటుంది. చూసి తేల్చడం కష్టం. తల్లి ఏం తీసుకుందో తెలిస్తే సగం తేలుతుంది.

పుట్టిన బిడ్డకు ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో వేసే ఎప్గార్ స్కోరు గురించి చాలామంది విన్నదే. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, ఒంటి రంగు, ఒక్కోదానికి రెండు మార్కులు. దాన్ని 1953లో ప్రచురించిన వర్జీనియా ఎప్గార్ పిల్లల డాక్టరు కాదు, గైనకాలజిస్టూ కాదు, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. తల్లికి ఇచ్చిన మత్తు బిడ్డ మీద ఎంత పడిందో చూడాలన్నది ఆమె పట్టించుకున్న సంగతుల్లో ఒకటి. ఈ స్కోరుకూ మత్తుకూ అంత దగ్గరి చుట్టరికం ఉందని కాన్పు గదుల్లో కూడా చాలామందికి గుర్తుండదు.

ఇట్లాంటి బిడ్డకు మొదట కావాల్సింది విరుగుడు సూది కాదు, గాలి. తుడిచి, వేడి కింద పెట్టి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం లోపలే మూతికి మాస్కు పెట్టి బ్యాగుతో గాలి పంపాలి. 2009లో మొదలైన నవజాత శిశు సురక్ష కార్యక్రమంలో స్టాఫ్ నర్సులకూ డాక్టర్లకూ నేర్పేది ఇదే. మత్తు వల్ల ఊపిరి ఆడని బిడ్డలో సాధారణంగా గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. ఊపిరి తియ్యమని చెప్పాల్సిన మెదడే మగతగా ఉంటుంది. కాబట్టి మనం గాలి అందిస్తూ ఉంటే చాలామంది తేరుకుంటారు.

విరుగుడు మందుల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. పెథిడిన్ లాంటి నల్లమందు జాతి మందులకు నలాక్సోన్, డయాజెపామ్ జాతికి ఫ్లుమజెనిల్ విరుగుళ్లు. తల్లి ఆ మందుకు నెలల తరబడి అలవాటు పడి ఉంటే బిడ్డ కూడా అలవాటు పడే ఉంటుంది. విరుగుడు ఇవ్వగానే మత్తు ఒక్కసారిగా దిగిపోయి బిడ్డకు ఫిట్స్ రావచ్చు. కాన్పులో ఒక్క డోసు తీసుకున్న తల్లి బిడ్డ వేరు, ఏడాదిగా రోజూ తీసుకుంటున్న తల్లి బిడ్డ వేరు. ఆ తేడా రక్తపరీక్ష చెప్పదు, తల్లే చెప్పాలి. మూత్రపరీక్ష పట్టీలు డయాజెపామ్ జాతిని పట్టగలవేమో గాని మామూలు పట్టీలకు క్లోరల్ హైడ్రేట్ అందదు. పట్టీలో ఏమీ రాలేదంటే ఏమీ లేదని కాదు.

బిడ్డ పుట్టకముందే తప్పుదోవ పట్టించే ఇంకో సంగతి గుండె చప్పుడు గ్రాఫ్. కడుపులో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. ఒకే వేగంతో కాదు, 5 నుంచి 25 దాకా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అందుకే కాగితం మీద గీత రంపపు పళ్లలా కనబడాలి. మత్తులో ఉన్న బిడ్డది చదునుగా ఉంటుంది. ఆక్సిజన్ అందని బిడ్డది కూడా చదునుగానే ఉంటుంది. డాక్టరుకు కల్లు సంగతి తెలియకపోతే ఆ గీత చూసి హడావిడిగా ఆపరేషన్‌కు తీసుకుపోవచ్చు. తెలిసినా "కల్లు వల్లే అయ్యుంటది" అని వదిలేస్తే అసలు ప్రమాదం దాటిపోవచ్చు. రెండూ జరగగలవు. తెలిస్తే కనీసం రెండు అవకాశాలూ కళ్ల ముందు ఉంటాయి.

తెలంగాణలో పదింటికి ఆరు కాన్పులు కోతతోనే జరుగుతున్నాయి (2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ). అంటే మత్తు డాక్టరు చేతిలో పడే అవకాశం సగానికి పైనే. రోజూ నిద్రమాత్రల జాతి పదార్థానికి అలవాటు పడిన ఒంటికి మత్తు మోతాదుల లెక్క మారుతుంది, ఆపరేషన్ తర్వాత ఊపిరి మీద కాపలా పెరగాలి. మత్తు డాక్టరు ఆఖరి నిమిషంలో వచ్చి అడిగే రెండు ప్రశ్నల్లో ఇది ఉండదు. అడక్కపోయినా చెప్పాలి.

మానేసిన రోజు ఫిట్స్

ఇప్పటిదాకా చెప్పింది ఒంట్లో మత్తు ఉన్నప్పటి సంగతి. లేనప్పటి సంగతి ఇంకా చిక్కు. రోజూ కల్లు తాగే గర్భిణి నొప్పులని ఆస్పత్రిలో చేరింది. నొప్పులు నెమ్మదిగా సాగాయి. ఒకటిన్నర రోజు గడిచింది. వార్డులో కల్లు దొరకదు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, బీపీ పెరిగింది, నిద్ర లేదు, ఆ తర్వాత ఫిట్స్.

నిండు గర్భిణికి ఫిట్స్ వస్తే ఏ కాన్పు వార్డయినా మొదట అనుకునేది గుర్రపు వాతమే, అంటే ఎక్లాంప్సియా. అట్లా అనుకోవడమే సరైనది. అది తల్లినీ బిడ్డనూ తీసుకుపోయే జబ్బు కాబట్టి వెంటనే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెడతారు. ఇక్కడ రెండూ కలిసి ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. మత్తు మానడం వల్ల వచ్చిన ఫిట్స్ అయితే మెగ్నీషియం ఒక్కటీ సరిపోదు. పైగా మెగ్నీషియం కూడా మాయ దాటి బిడ్డ కండరాలను వదులు చేస్తుంది. ముందే మగతలో ఉన్న బిడ్డకు అది తోడు. ఎక్లాంప్సియా మందు ఆపాలని దీని అర్థం కాదు. "అమ్మకు కల్లు అలవాటు ఉంది, రెండు రోజులుగా లేదు" అన్న ఒక్క ముక్క కేసు షీటులో ఉంటే డాక్టరు ఆలోచన ఇంకో దారిలో కూడా పోతుంది, పుట్టే బిడ్డ కోసం పిల్లల డాక్టరు ముందే గదిలో ఉంటాడు.

ఇందుకే తొమ్మిదో నెలలో ఎవరో మందలిస్తే భయపడి ఒక్కరోజులో మానేయడం మంచి పని అనిపించినా ప్రమాదమే. అల్ప్రాజోలం జాతికి అలవాటు పడిన ఒంటికి డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మొదటి నెలల్లోనే మొదలుపెడితే దానికి కావాల్సినంత సమయం ఉంటుంది.

నొప్పులు తెచ్చే సూది, నొప్పులు తగ్గించే సూది

ఇక రెండో దారి. ఊళ్లో నొప్పులు సరిగ్గా రావడం లేదని ఆర్‌ఎంపీని పిలిచి వేయించే సూది ఆక్సిటోసిన్. బర్రెలు పాలు చేపడానికి వేస్తారని పాడి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిన మందే. ఇది బిడ్డకు మత్తెక్కించదు. నష్టం వేరే రకంగా చేస్తుంది. నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి బిగుసుకుని మాయకు రక్తం పోవడం తగ్గిపోతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఉండే తెరిపిలోనే బిడ్డ మళ్లీ ఆక్సిజన్ నింపుకుంటుంది. పది నిమిషాల్లో మూడు నుంచి ఐదు నొప్పులు బిడ్డ తట్టుకోగలదు. ఆస్పత్రిలో ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి ఇస్తారు, నొప్పులు మితిమీరితే బొట్టు ఆపేస్తారు. కండలోకి పొడిచిన సూదిని వెనక్కి తీసుకోలేం. తెరిపి లేకుండా నొప్పులు వస్తాయి, బిడ్డ ఉక్కిరిబిక్కిరవుతుంది, పాత ఆపరేషన్ కుట్లు ఉంటే గర్భసంచే చిట్లొచ్చు. బిడ్డ పుట్టకముందు కండకు ఆక్సిటోసిన్ వేసి నొప్పులు పెంచడం ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దన్న పని.

బిడ్డ పుట్టిన మరుక్షణం అదే మందు, అదే కండకు, 10 యూనిట్లు వేస్తే తల్లి ప్రాణం నిలుపుతుంది, రక్తస్రావాన్ని ఆపుతుంది. 2018లో కేంద్రం దీని దుర్వినియోగం ఆపాలని ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించబోతే, కాన్పుల్లో మందు దొరకకపోతే ఎట్లా అన్న వాదన గెలిచింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కొట్టేయడమే సరైనదని నా అభిప్రాయం. తప్పు మందులో లేదు, వేసే గంటలో ఉంది.

ఆర్‌ఎంపీ దగ్గర దొరికే ఇంకో సూది డైక్లోఫినాక్. నాట్లు వేసి నడుము పట్టేసిన గర్భిణికి ఒక సూది పొడిచి పంపడం మామూలు. ఏడో నెల దాటాక ఆ జాతి మందులు కడుపులో బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళాన్ని ముందే ముడుచుకునేలా చేయగలవు, ఉమ్మనీరును తగ్గించగలవు. నొప్పికి అవసరమైతే డాక్టరును అడిగి పారాసిటమాల్ వేసుకోవడం మేలు.

ఆస్పత్రిలో కూడా మత్తు సూదులు ఇస్తారు. పెథిడిన్, ట్రమడాల్, ఫెనర్గాన్ లాంటివి. వాటికి సమయం లెక్క ఉంటుంది. పెథిడిన్ ఇచ్చిన గంటలోపు పుట్టిన బిడ్డకు మత్తు అంతగా ఎక్కదు, రెండు మూడు గంటలకు పుట్టిన బిడ్డకు బాగా ఎక్కి ఉంటుంది. అందుకే ఊళ్లో ఏ సూది ఎన్ని గంటలకు వేశారో చెప్పడం ముఖ్యం. పేరు తెలియకపోతే ఖాళీ సీసా కొంగున కట్టుకుని తెచ్చినా చాలు. ఆర్‌ఎంపీకి ఇబ్బంది అవుతుందని దాచిపెడితే, పైన ఇంకో మత్తు సూది పడుతుంది.

మిగతావి క్లుప్తంగా. మద్యం ఆక్సిటోసిన్ ఊరడాన్ని అణుస్తుంది. ఒకప్పుడు నెలలు నిండకుండా వచ్చే నొప్పులు ఆపడానికి అమెరికాలో మద్యాన్ని నరంలోకి ఎక్కించేవారు కూడా. బీడీ, చుట్ట పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, తంబాకు నమిలినా నికోటిన్ రక్తనాళాలను ముడుస్తుంది. నొప్పుల వేళ తట్టుకోవాల్సిన నిల్వే తగ్గిపోతుంది. గంజాయితో ఎక్కువగా కనబడేది బరువు తక్కువ బిడ్డలు. కొకైన్‌తో మాయ ముందే ఊడిపోయే ప్రమాదం. మూర్ఛకు, మానసిక జబ్బుకు డాక్టరు రాసిన గోలీలు మాత్రం ఈ వరుసలోవి కావు. వాటిని సొంతంగా ఆపితే ప్రమాదం ఎక్కువ.

కొకైన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1980ల్లో అమెరికా పత్రికలు కొకైన్ వాడిన తల్లుల పిల్లలు చదువుకు, బతుకుకు పనికిరారని గోల చేశాయి. ఫిలడెల్ఫియాలో అట్లాంటి పిల్లలను 1989 నుంచి ఏళ్ల తరబడి చూస్తూ వస్తే, అదే వాడలో పెరిగిన తోటి పేద పిల్లలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండు గుంపులనూ వెనక్కి లాగింది పేదరికం. కల్లు తాగే తల్లికి పుట్టిన బిడ్డకు ఊళ్లో పేరు పెట్టేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇంటికి పోయాక మొదలయ్యే ఏడుపు

మామూలు కాన్పయితే రెండో రోజుకు ఇంటికి పంపిస్తారు. మత్తుకు అలవాటు పడ్డ బిడ్డకు ఆ మత్తు అందక వచ్చే కొరత లక్షణాలు మాత్రం ఆ గడువు ప్రకారం రావు. మద్యం వల్ల అయితే మొదటి రోజే రావచ్చు, నల్లమందు జాతి వల్ల ఒకటి నుంచి మూడు రోజుల్లో, డయాజెపామ్ లాంటివి మెల్లగా ఖాళీ అవుతాయి కాబట్టి కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు. పుట్టినప్పుడు మగతగా ఉన్న బిడ్డే అప్పుడు తలకిందులవుతుంది. కీచుమని ఆపకుండా ఏడుస్తుంది, వణుకుతుంది, చెమట పడుతుంది, తుమ్ములు, నీళ్ల విరేచనాలు, పాలు పట్టుకోలేకపోవడం. ఇంట్లో దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. నోట్లో రెండు చుక్కలు కల్లు పోస్తే నిద్రపోతుందనే పెద్దమ్మ కూడా ఉంటుంది. నిజంగానే నిద్రపోతుంది, ఊపిరి తీయడం మరిచిపోయేంతగా.

వణుకు చూసినప్పుడు నర్సులు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. వణుకుతున్న చేతిని మెత్తగా పట్టుకుని మడిచి ఉంచుతారు. ఆగితే మామూలు వణుకు. చేతిలో కూడా అదిరిపోతూ ఉంటే, కళ్లు ఒక పక్కకు తిరిగితే, ఫిట్స్. ఏదయినా సరే మడమ గుచ్చి రక్తంలో చక్కెర చూడాలి, ఎందుకంటే చక్కెర, కాల్షియం తగ్గినా ఇట్లాగే వణుకుతారు. ఇది ఇంట్లో తేల్చుకునే పని కాదు. జిల్లా ఆస్పత్రుల్లో ఉన్న నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఎస్‌ఎన్‌సీయూకు తీసుకుపోవాలి, 108 ఉంది. అక్కడ చీకటి చేసి, చప్పుడు తగ్గించి, బట్టలో బిగువుగా చుట్టి, కొంచెం కొంచెంగా పాలు పడతారు. చాలామందికి అంతే సరిపోతుంది, కొందరికి మందులు కావాలి.

తల్లి పాల సంగతి అడుగుతారు. డయాజెపామ్, అల్ప్రాజోలం పాలలోకి కొంత వస్తాయి, బిడ్డ మగతగా ఉండి బరువు పెరగకపోవచ్చు. ఆపాల్సింది కల్లును, పాలు ఇవ్వాలా వద్దా అన్నది పిల్లల డాక్టరు చూసి చెప్పాలి. కల్లు తాగిన రాత్రి బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవద్దు, మత్తులో పొర్లితే తెలియదు. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆమెకు ఈ సంగతి తెలిసి ఉంటే బిడ్డను చూసే చూపు మారుతుంది.

డాక్టరుకు చెప్తే పోలీసు కేసు అవుతుందేమోనన్న భయం చాలామంది తల్లులకు ఉంటుంది. నర్సు అడిగేది ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చుకోవడానికే. అత్తమ్మ ముందు చెప్పలేకపోతే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చు. లోపలికి తీసుకుని పరీక్ష చేసేటప్పుడు ఆ అవకాశం ఎట్లాగూ వస్తుంది. కల్లు మానాలనుకునేవాళ్లకు మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. ఎస్‌ఎన్‌సీయూ నుంచి ఇంటికి వచ్చిన బిడ్డను జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టుకునే కేంద్రం) చూపించుకోవాలి. మెడ నిలపడం, కూర్చోవడం, నడక, మాట వయసుకు తగ్గట్టు వస్తున్నాయో లేదో అక్కడ చూస్తారు, ఆలస్యం ఉంటే ఫిజియోథెరపీ అక్కడే మొదలుపెడతారు.